చుక్కల్లో చైనా మృగాలు – 3వ పాఠం: తూర్పు దిక్కు డ్రాగన్

పోయిన పాఠంలో చుక్కల్ని ఒకే కొలత సున్నాలుగా పెట్టి, సన్నని గీతలతో కలపడం నేర్చుకున్నాం. ఇప్పుడు వాటికి ఒళ్లు తొడుగుదాం.

చంద్రుడి దారిలో మనం 27 నక్షత్రాలు లెక్కపెడితే చైనావారు 28 విడుదులు లెక్కపెట్టారు. ఏడేసి చొప్పున నాలుగు దిక్కుల మృగాలకు పంచారు. తూర్పు ఏడూ చింగ్‌లోంగ్ అనే డ్రాగన్‌వి: కొమ్ము, మెడ, వేరు, గది, గుండె, తోక, చేట. హుబే రాష్ట్రంలో 1978లో తవ్విన జెంగ్ అనే రాజ్యపు పాలకుడు ‘యీ’ సమాధిలో ఒక లక్కపెట్టె దొరికింది. సుమారు క్రీ.పూ. 433 నాటి ఆ పెట్టె మూత మీద 28 పేర్లూ ఉన్నాయి, ఒక పక్క డ్రాగన్, మరో పక్క పులి ఉన్నాయి.

ఏ3 కాగితం అడ్డంగా పరచండి. కుడి అంచుకు 7 సెం.మీ. లోపల, పై అంచుకు 8 సెం.మీ. కింద మన చిత్త నక్షత్రాన్ని పెట్టండి. అది ఒక కొమ్ము. రెండో కొమ్ము దానికి 4 సెం.మీ. పైన, కొద్దిగా ఎడమకు. చిత్త నుంచి ఎడమకు 5 సెం.మీ. దూరంలో, దాదాపు అదే ఎత్తులో మెడ. ఇక మీద కొలతలన్నీ చిత్త నుంచే, సెం.మీ.లలో: 8.5 ఎడమకు, 2 కిందికి విశాఖ, అంటే ‘వేరు’. 15.5 దగ్గర నాలుగు చుక్కల నిలువు వరుస ‘గది’, అందులో మూడు మన అనూరాధవే. 18.5 ఎడమకు, 6 కిందికి జ్యేష్ఠ. 25 ఎడమకు, 10.5 కిందికి మూల, తోక కొన. చేట 30 దగ్గర ముగుస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. జ్యేష్ఠ గుండె, కానీ సగం దాటాక ఉంది. చాలామంది దాన్ని తల వైపు లాగేస్తారు. దయచేసి చుక్కను కదపకండి, ఒంటిని వంచండి. నేను ‘గది’ నిలువు వరుసనే భుజంగా తీసుకుని ముందు కాళ్లు అక్కడి నుంచి దించుతాను. ఎద్దుకైనా గుండె ముందు కాలి వెనకనే కదా! మెడ పాములా సాగుతుంది, సాగనివ్వండి. పాత వర్ణనల్లోనూ మెడ పాముదే. కొమ్ములు లేడివి, తల ఒంటెది, గోళ్లు గద్దవి, పాదాలు పులివి.

పొలుసులు కార్ప్ చేపవి. చేపల బజారులో శీలావతిని దగ్గరగా చూడండి, అదీ ఆ కుటుంబానిదే. ప్రతి పొలుసూ వెనక ఉన్న రెండింటి మొదళ్లను కప్పుతుంది, విడి అంచు తోక వైపు ఉంటుంది. అందుకే తల దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. తోక నుంచి మొదలుపెడితే చెరపడంతోనే సరిపోతుంది.

రంగు ఆకుపచ్చకూ నీలానికీ మధ్యది. నీలంలో చిటికెడు పసుపు కలిపి, పలుచగా రెండు పూతలు వేయండి. గుండె సున్నాను మాత్రం కాగితం తెలుపుగానే వదలండి. జ్యేష్ఠకు చైనావారి మరో పేరు ‘మహాగ్ని’. పూతలు పూర్తిగా ఆరాక సన్నని కుంచెతో ఒక్క సింధూరపు చుక్క పెట్టండి. తడి మీద పెడితే ఎరుపు పాకి మట్టిరంగవుతుంది.

వచ్చే పాఠం తెల్లపులి. ఈలోగా, జూన్ చివరి వారంలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణం వైపు తిరిగి, కాగితాన్ని ఆకాశంతో పోల్చి చూసుకోండి.