పాత గేమ్‌బాయ్ కొని మళ్లీ పోకెమాన్ ఆడటం ఎలా?

పాత గేమ్‌బాయ్ (నింటెండో వాళ్ల చేతి గేమ్ మెషీన్) కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా ముందు మెషీన్ కొనేసి, ఆ తర్వాత గేమ్ కేసెట్ల వేట మొదలుపెడతారు. ఈ వరసలో వెళ్తే డబ్బులు దండగ. కావలసిన కేసెట్ ఆ మెషీన్‌లో పట్టదు, పట్టినా నడవదు, నడిచినా "అబ్బే, అప్పట్లో ఇలా లేదే" అనిపిస్తుంది. ముందు గేమ్, అందులో ఏ వెర్షనో తేల్చుకోండి. మెషీన్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

మీకు గుర్తున్నది ఏ గేమ్?

ఇది తేలిగ్గా కనిపించే చిక్కు ప్రశ్న. 90ల్లో మన ఊళ్లలో పిల్లలు చేతిలో పట్టుకుని ఆడింది చాలావరకు బ్రిక్ గేమే. "9999 ఇన్ 1" అని డబ్బా మీద రాసి ఉండేది, లోపల ఉన్నవి మాత్రం పట్టుమని పది ఆటలు. అసలైన గేమ్‌బాయ్ చూడాలంటే గల్ఫ్ నుంచో అమెరికా నుంచో మామయ్య రావాలి. పోకెమాన్ అయితే మనలో చాలామంది ఆడింది కంప్యూటర్ మీద, విజువల్‌బాయ్ అడ్వాన్స్ అనే ఎమ్యులేటర్‌లో, అంటే గేమ్‌బాయ్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో. రంగులు నిండుగా ఉండి, పోరాటాల్లో పోకెమాన్‌లు పెద్దగా, స్పష్టంగా కనిపించినట్టు గుర్తుంటే మీరు ఆడింది 2004లో వచ్చిన ఫైర్‌రెడ్ కావచ్చు, లేదా ఎమరాల్డ్ కావచ్చు. అవి గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే తర్వాతి మోడల్ గేమ్‌లు. 1989 నాటి బూడిద రంగు గేమ్‌బాయ్‌లో అవి నడవవు.

కాబట్టి ఏదైనా కొనేముందు యూట్యూబ్‌లో ఒక్కో గేమ్ మొదటి పది నిమిషాలు చూడండి. ఏ సంగీతం వినగానే "ఇదే ఇదే!" అంటారో అదే మీ గేమ్. పేరు గుర్తు లేకపోయినా పాట గుర్తుంటుంది.

రెడ్డా, బ్లూనా, యెల్లోనా?

పోకెమాన్ మొదట జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ అని రెండు కేసెట్లుగా వచ్చింది. కథ ఒకటే, దొరికే పోకెమాన్‌లలోనే తేడా. ఒక్క కేసెట్‌తో అన్నీ దొరక్కూడదు, పక్కవాడితో మార్చుకోవాలి. పోకెమాన్ సృష్టికర్త సతోషి తజిరి గేమ్‌ను కట్టిందే ఈ ఆలోచన మీద. అదే ఏడాది అక్టోబరులో బొమ్మలు మెరుగుపరిచిన బ్లూ వచ్చింది. అది మొదట్లో కొరొకొరో అనే పిల్లల పత్రిక ద్వారా, పోస్టులో తెప్పించుకున్నవాళ్లకే దక్కింది.

1998 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన రెడ్, బ్లూలు ఈ రెంటి కలగలుపు. బొమ్మలూ ప్రోగ్రామూ జపాన్ బ్లూవి, ఏ కేసెట్‌లో ఏ పోకెమాన్ అన్న పంపకం మాత్రం జపాన్ రెడ్, గ్రీన్‌లది. అందుకే జపాన్ గ్రీన్ ఆడి చూస్తే పోకెమాన్ల ముఖాలు కాస్త వికారంగా, మనకు తెలియనివాళ్లలా కనిపిస్తాయి. నాకైతే ఆ వికారమే ముద్దుగా ఉంటుంది.

ఎంచుకునేటప్పుడు పనికొచ్చే తేడాలు ఇవి. రెడ్‌లో ఏకాన్స్, ఆడిష్, మాంకీ, గ్రోలిత్, సైథర్, ఎలెక్టాబజ్ దొరుకుతాయి, బ్లూలో దొరకవు. బ్లూలో శాండ్‌ష్రూ, వల్పిక్స్, మియావ్, బెల్‌స్ప్రౌట్, పిన్సర్, మాగ్మార్ ఉంటాయి, అవి రెడ్‌లో లేవు. యెల్లోలో పికాచూ మీ వెనకే నడుస్తుంది, మొదట్లో ఎంచుకునే ముగ్గురూ తర్వాత ఒకరొకరుగా మీ చేతికే వస్తారు. టీవీలో కార్టూన్ చూసి పెరిగినవాళ్లకు యెల్లో బాగుంటుంది. కానీ సిన్నబార్ ఒడ్డున ఈదుతూ "మిస్సింగ్‌నో" అనే ప్రోగ్రామ్ లోపంతో పుట్టే పోకెమాన్‌ను రప్పించి, సంచిలో ఆరో వస్తువును వందకు పైగా పెంచుకునే దొంగ కిటుకు కావాలంటే రెడ్ గానీ బ్లూ గానీ తీసుకోండి. యెల్లోలో అది అదే తీరుగా పనిచేయదు. ఓడ పక్కనున్న ట్రక్కు కింద మ్యూ అనే అరుదైన పోకెమాన్ ఉందన్న పుకారు మాత్రం ఏ వెర్షన్‌లోనూ నిజం కాదు. ట్రక్కు ఉంది, మ్యూ లేదు.

గేమ్‌బాయ్‌కూ, దాని తర్వాతి కలర్, అడ్వాన్స్ మోడళ్లకూ దేశాల అడ్డు లేదు. జపాన్ కేసెట్ ఏ దేశం మెషీన్‌లోనైనా నడుస్తుంది, ధర కూడా తరచుగా తక్కువే. అయితే గేమ్ అంతా జపనీస్‌లోనే ఉంటుంది. టెట్రిస్ లాంటి వాటికి భాషతో పని లేదు గానీ పోకెమాన్‌కు ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి: మొదటి తరం గేమ్‌లలో జపాన్ కేసెట్‌కూ ఇంగ్లిష్ కేసెట్‌కూ మధ్య పోకెమాన్‌లు మార్చుకోవద్దు, సేవ్ పాడైపోతుంది.

వెర్షన్ల గొడవ పోకెమాన్‌కే పరిమితం కాదు. 1993 నాటి జెల్డా "లింక్స్ అవేకెనింగ్"కు 1998లో రంగుల "డీఎక్స్" వచ్చింది. దాంట్లో అదనంగా ఒక డంజన్ (చిక్కుముళ్ల నేలమాళిగ) ఉంది. అదే కేసెట్‌ను పాత నలుపు-తెలుపు గేమ్‌బాయ్‌లో పెడితే గేమ్ నడుస్తుంది, ఆ డంజన్‌లోకి మాత్రం వెళ్లలేరు.

దానికి సరిపడే మెషీన్

కేసెట్ రంగు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. బూడిద రంగువి, పోకెమాన్ రెడ్, బ్లూ లాంటి ప్రత్యేక రంగువి పాత గేమ్‌బాయ్ నుంచి అడ్వాన్స్ దాకా అన్నింటిలో నడుస్తాయి. నల్లవి పాతదాంట్లోనూ కలర్‌లోనూ నడుస్తాయి. లోపల కనిపించేలా పారదర్శకంగా ఉన్నవాటికి గేమ్‌బాయ్ కలర్ గానీ ఆ తర్వాతిది గానీ తప్పనిసరి. పోకెమాన్ క్రిస్టల్ ఈ రకమే. గేమ్‌బాయ్ మైక్రో, నింటెండో డీఎస్ చూడ్డానికి ఆకర్షణీయంగా ఉంటాయి గానీ ఈ గేమ్‌బాయ్ కేసెట్లలో అడ్వాన్స్‌వే వాటిలో ఆడతాయి. రెడ్, బ్లూ కోసం వాటిని కొన్నారో, అంతే సంగతులు.

1989 నాటి మొదటి గేమ్‌బాయ్‌కు 4 ఏఏ సెల్స్ కావాలి. పచ్చటి తెర, 160 × 144 చుక్కలు, నాలుగే ఛాయలు, వెనక లైటు లేదు. కిటికీ పక్కన కూర్చుని ఆడాల్సిందే. ఆ పచ్చదనం కోసమే వెతుకుతున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు దీన్ని వారం తిరక్కుండా అటక మీద పెడతారు. రోజూ ఆడే ఉద్దేశం ఉంటే నా ఓటు గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీకి. మడతపెట్టొచ్చు, ఛార్జింగ్ పెట్టొచ్చు, మూడు తరాల కేసెట్లూ నడుస్తాయి. పాత గేమ్ ఆడుతున్నప్పుడు ఎల్, ఆర్ బటన్లతో బొమ్మను వెడల్పుగా సాగదీయొచ్చు, వెనక్కి తేవొచ్చు. మామూలు హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు లేకపోవడం ఒక్కటే లోటు, దానికి అడాప్టర్ కావాలి.

ఎస్‌పీలో రెండు రకాలున్నాయి. 2003 నాటి ఏజీఎస్-001కు లైటు తెర ముందు వైపు నుంచి పడుతుంది, బొమ్మ పాలిపోయినట్టుంటుంది. తర్వాత వచ్చిన ఏజీఎస్-101కు లైటు వెనక నుంచి వస్తుంది, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అమ్మేవాళ్లు 101కు ఎక్కువ ధర చెబుతారు. అడుగున స్టిక్కర్ చూసి నమ్మకండి, పైడొప్పలు మార్చడం చాలా సులువు. తెర కింద మధ్యలో ఉన్న లైటు బటన్ నొక్కమనండి. నొక్కితే లైటు పూర్తిగా ఆరిపోతే అది 001. వెలుగు తగ్గి పెరుగుతూ, ఆరకుండా ఉంటే 101.

కొనేముందు పరీక్ష

పాత గేమ్‌బాయ్ ఆన్ చేయగానే నింటెండో అన్న పేరు పైనుంచి దిగి "టింగ్" మంటుంది. ఆ అక్షరాల బొమ్మను మెషీన్ కేసెట్ నుంచే చదువుతుంది. తన దగ్గరున్న దానితో పోల్చుకుని, సరిపోతేనే గేమ్ మొదలుపెడుతుంది. అక్షరాల బదులు నల్లటి దిమ్మ దిగి ఆగిపోయిందంటే మెషీన్ పోయినట్టు కాదు, కేసెట్‌ను చదవలేకపోతోందని అర్థం. చాలావరకు అది మురికే. "పనిచేయడం లేదు" అని అగ్గువకు అమ్మేసేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి, బేరానికి మంచి చోటు.

తెర మీద నిలువు గీతలు మాయమై ఉంటే భయపడక్కర్లేదు. తెర కింది అంచున అతికించిన రిబ్బన్ కేబుల్‌ను జాగ్రత్తగా వేడి చేస్తే తరచుగా గీతలు తిరిగొస్తాయి. అడ్డగీతలు పోయిన తెరను మాత్రం వదిలేయండి. సెల్స్ పెట్టే మూత తీసి చూడండి. స్ప్రింగుల మీద తెల్లగా, నీలంగా పొక్కులు కట్టి ఉంటే సెల్స్ కారాయన్నమాట. పైపైన ఉంటే శుభ్రం చేసుకోవచ్చు, బోర్డు దాకా పాకి ఉంటే వద్దు.

నకిలీ కేసెట్ల బెడద పోకెమాన్‌కే ఎక్కువ. అసలైన పాత గేమ్‌బాయ్ కేసెట్‌లో ముందున్న లేబుల్‌ను వెలుతురులో వాలుగా పట్టుకుంటే, కాగితంలోకి అదిమినట్టు చిన్న అంకెలు కనిపిస్తాయి. అడ్వాన్స్ కేసెట్ అయితే కింద రాగి పళ్లకు కాస్త పైన, బోర్డు మీద నింటెండో పేరు అచ్చై ఉంటుంది. లేబుల్ మెరుపు ఎక్కువై, ధర మరీ తక్కువై, "కొత్తది, సీల్డ్" అంటే ఆలోచించాల్సిన పనే లేదు.

శుభ్రం చేయడం

నోటితో ఊదకండి. చిన్నప్పుడు అందరం ఊదాం. ఊదినందువల్ల కాదు, కేసెట్ తీసి మళ్లీ పెట్టినందువల్ల పనిచేసేది. ఊపిరిలోని తేమ కేసెట్ కింది రాగి పళ్లకు మంచిది కాదు. ఇయర్‌బడ్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పళ్లను పైనుంచి కిందికి తుడవండి. బడ్ నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా బడ్‌లు మార్చండి. సెల్స్ కారిన చోట ముందు వెనిగర్ చుక్కతో రుద్దండి, కారింది క్షారం కాబట్టి దాన్ని ఆమ్లం విరిచేస్తుంది. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి.

సేవ్ బ్యాటరీ మార్చడం

అసలు పని ఇక్కడే ఉంది. పాత పోకెమాన్ కేసెట్ల లోపల ఒక బటన్ సెల్ ఉంటుంది. మీ సేవ్‌ను బతికించేది అదే. అది అయిపోతే గేమ్ నడుస్తుంది గానీ ఆపిన తర్వాత ఏదీ మిగలదు. గోల్డ్, సిల్వర్, క్రిస్టల్‌లలో ఆ సెల్ మీదే గడియారం కూడా నడుస్తుంది, మెషీన్ ఆపినా ఆగదు. అందుకే రెడ్, బ్లూ కన్నా కొత్తవైనా వాటి సెల్సే ముందు పోతాయి. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో సేవ్‌కు బ్యాటరీతో పని లేదు, గడియారానికే. సెల్ పోయినా నిశ్చింతగా ఆడొచ్చు. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లలో సెల్లే లేదు. ఇంత తలనొప్పి వద్దనుకుంటే అవే తీసుకోండి.

ముందు సేవ్‌ను కాపాడుకోండి. పాత సెల్ తీసిన మరుక్షణం అందులోని ఆట పోతుంది. కేసెట్‌ను యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే రీడర్లు దొరుకుతాయి. దాంతో సేవ్‌ను ఫైల్‌గా తీసి పెట్టుకుని, కొత్త సెల్ వేశాక తిరిగి ఎక్కించవచ్చు. కొన్న కేసెట్‌లో ఎవరిదో పాత ఆట ఉంటే చెరిపే ముందు ఒకసారి చూడండి. వాళ్లు పెట్టుకున్న పేర్లు, ఆడిన గంటలు, 100వ లెవెల్‌కు తెచ్చిన ఒకే ఒక్క చారిజార్డ్, అన్నీ అలాగే ఉంటాయి.

గేమ్‌బాయ్ కేసెట్ విప్పడానికి 3.8 మి.మీ. గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి, అడ్వాన్స్ కేసెట్‌కు మూడు రెక్కల ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్. విప్పాక ముందుగా ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ప్లస్ ఏ వైపుందో తర్వాత గుర్తుండదు. సెల్ మీద ఉన్న నంబరే కొనండి. గోల్డ్, సిల్వర్‌లలో సీఆర్2025, రూబీ వరసలో సీఆర్1616 ఉంటాయి. మిగతావాటికి చూశాకే ఆర్డర్ పెట్టండి. తప్పనిసరిగా ట్యాబ్‌లు (చిన్న లోహపు రేకులు) అతికించి ఉన్న సెల్లే తీసుకోండి. మామూలు సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయకూడదు, వేడికి అది పేలవచ్చు. టేపుతో అంటించే కిటుకులు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఆట చివర్లో ఎదురయ్యే ఎలైట్ ఫోర్‌ను ఓడించిన రోజే ఆ టేపు ఊడుతుంది.

పాత సెల్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, బోర్డు మీది రాగి కూడా లేచొస్తుంది. ట్యాబ్ చివర ఉన్న సీసాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో కరిగిస్తూ ఒక్కో వైపు మెల్లగా లేపండి. కొత్తదాన్ని ప్లస్, మైనస్ చూసుకుని అదే చోట పెట్టి, రెండు చుక్కలు వేస్తే అయిపోయింది. సోల్డరింగ్ సామాను హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ట్యాబ్ సెల్స్ ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి. చేయి వణుకుతుందనుకుంటే సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి ఇవ్వండి, అతనికిది ఐదు నిమిషాల పని. ఫొటో మాత్రం చూపించండి.

మూత బిగించే ముందు కొత్త గేమ్ మొదలుపెట్టి సేవ్ చేసి ఆపండి. వెంటనే చూస్తే చాలదు, రాత్రంతా వదిలేసి పొద్దున్న "కంటిన్యూ" కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే స్క్రూ బిగించి, దాచిన ఫైల్ ఎక్కించండి.

కేబుల్ విషయంలో ఒక హెచ్చరిక

కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ మారకం చేస్తేనే తర్వాతి రూపంలోకి మారతాయి. దానికి రెండు మెషీన్లు, రెండు కేసెట్లు, ఒక లింక్ కేబుల్ కావాలి. 1989 గేమ్‌బాయ్‌కు పెద్ద మూతి కేబుల్, గేమ్‌బాయ్ పాకెట్ నుంచి తర్వాతివాటికి చిన్న మూతిది. ఎస్‌పీలో రెడ్, బ్లూ ఆడుతున్నా గేమ్‌బాయ్ కలర్ కేబులే వాడాలి, అడ్వాన్స్ కోసం వచ్చిన ఊదా రంగు కేబుల్ పాత గేమ్‌లకు పనిచేయదు. మారకం జరుగుతుండగా కేబుల్ లాగొద్దు, మెషీన్ ఆపొద్దు. ఆట అయ్యాక పాత గేమ్‌బాయ్‌లో సెల్స్ తీసేసి పెట్టండి.