ఆసుపత్రికి ప్రార్థనకు వెళ్తున్నారా?

ఆదివారం ఆరాధన అయ్యాక రోగుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. మంచం దగ్గరికి చేరగానే కళ్లు మూసుకుని మొదలుపెట్టేయకండి. ముందు "దేని గురించి ప్రార్థన చేయమంటారు?" అని అడగండి. బైబిల్లో యేసు ప్రభువు దగ్గరికి వచ్చిన బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా ప్రభువు "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగారు (మార్కు 10:51). మనం జబ్బు గురించే అనుకుంటాం. వాళ్ల టెన్షన్ మాత్రం ఆసుపత్రి బిల్లు గురించో, ఇంటి దగ్గర వదిలొచ్చిన పిల్లల గురించో అయి ఉండొచ్చు. వాళ్లు చెప్పిన ఆ సంగతినే ప్రార్థనలో ఎత్తండి.

రెండు నిమిషాలు చాలు. ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి 6లో అయిదే వచనాలు. గొంతు కూడా తగ్గించండి, మైకుకు అలవాటుపడ్డ గొంతులు మనవి! పక్క మంచం మీదా రోగే ఉంటారు.

ఆమేన్ అనగానే లేచి వచ్చేయకండి. యాయీరు అనే ఆయన చనిపోయిన కూతుర్ని బతికించి లేపాక ప్రభువు ఆ పాపకు తినడానికి ఏమైనా పెట్టమన్నారు (మార్కు 5:43). రోగికి ఏది పెట్టాలన్నా నర్సును అడగాలి గానీ, రాత్రంతా మేలుకున్న తోడు మనిషికి క్యారియర్ తీసుకెళ్లొచ్చు కదా. ఆవిడ ఇంటికెళ్లి స్నానం చేసి వచ్చేదాకా మీరు అక్కడ కూర్చుంటే ఇంకా మేలు.

ఫోటోలు మాత్రం వద్దు. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టాలంటే వాళ్లను అడిగాకే, అదీ జబ్బు పేరు రాయకుండా పెట్టండి.