రీఫర్బిష్డ్ ఫోన్ కొనే ముందు చూడవలసినవి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి పరిసరాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, రీఫర్బిష్డ్ ఫోన్‌కు, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే పాత ఫోన్‌కు, ముందుగా చూడవలసింది ధర కాదు, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ. డయలర్‌లో *#06# నొక్కితే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది. రెండు సిమ్ముల ఫోనైతే సాధారణంగా రెండు వస్తాయి. అవి బిల్లుపై ఉన్నవాటితో సరిపోవాలి. తరువాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం (KYM) అని రాసి, కొంత ఖాళీ వదిలి, ఆ సంఖ్యను చేర్చి 14422కు ఎస్సెమ్మెస్ పంపినా, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో వెతికినా, ఆ ఫోన్ బ్లాక్‌లిస్టులో, అంటే పోయిందనో దొంగిలించారనో నిలిపివేసిన ఫోన్ల జాబితాలో, ఉందో లేదో తెలుస్తుంది. అనుమానం కలిగితే ఎంత చవకైనా బేరం అక్కడితో ఆపాలి. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం నేరం.

పాత యజమాని గూగుల్ లేదా యాపిల్ ఖాతా తొలగించకపోతే, రీసెట్ చేసిన తరువాత కూడా ఫోన్ ఆయన పాస్‌వర్డే అడగవచ్చు. అందువల్ల మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరిచి, మీ సిమ్ముతో ఒక కాల్ మాట్లాడిన తరువాతే డబ్బు చెల్లించాలి. ‘ఇంటికెళ్లి చూసుకోండి, అన్నీ బాగానే ఉంటాయి’ అనే హామీకి, నా దృష్టిలో, విలువ లేదు.

ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ గరిష్ఠ సామర్థ్యం 80 శాతం కంటే తక్కువగా ఉంటే, కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే అరలో ఉండే చిన్న గుర్తు ఎర్రబడితే లోపలికి నీరు చేరిందని అర్థం. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన మోడల్‌ను బ్యాంకు లావాదేవీలకు వాడకపోవడమే మేలు. ఐఎంఈఐ సంఖ్య, వారంటీ గడువు, వాపసు షరతులు బిల్లుపైనే రాయించుకోవాలి.