గ్రంథాలయంలో మీ తర్వాతి డిటెక్టివ్ నవల వెతుక్కోవడం ఎలా?

మంచి డిటెక్టివ్ నవల ముగించగానే ఇలాంటిది ఇంకోటి కావాలనిపిస్తుంది. కొందామంటే ఒక చిక్కు. రహస్యం తెలిసిపోయాక ఈ రకం నవలను మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ, కొన్నది అలా ఇంట్లో పడి ఉంటుంది. పాత తెలుగు డిటెక్టివ్ నవలల్లో చాలావాటిని ఇప్పుడు ఎవరూ అచ్చు వేయడం లేదు కూడా. అందుకే వీటికి గ్రంథాలయాన్ని మించిన చోటు లేదని నా నమ్మకం. దానికి డబ్బు మనం ముందే కడుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది.

ముందు మీకేం నచ్చిందో తేల్చుకోండి

"ఏదైనా మంచి డిటెక్టివ్ పుస్తకం ఉందా?" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. అది మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఆ ఒక్క పేరు కింద చాలా రకాలున్నాయి. ఒక ఇంట్లో హత్య జరుగుతుంది, అనుమానితులు ఆరుగురో ఏడుగురో, ఆధారాలన్నీ పాఠకుడి కళ్ల ముందే ఉంటాయి. హంతకుడెవరో మనమూ పోటీపడి కనిపెట్టాలి. ఇది ఒక రకం. ఒకే డిటెక్టివ్ నవల తర్వాత నవలలో కొత్త కేసు పట్టుకోవడం ఇంకో రకం. కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్ నవలలు అలాంటివే. మధుబాబు షాడో నవలల్లో గూఢచారి సాహసాలు, వేగం ముఖ్యం. నేరం చేసిందెవరో మొదటి పేజీల్లోనే చెప్పేసి, ఎలా దొరుకుతాడా అని చదివించేవీ ఉన్నాయి. చేతబడి, క్షుద్రశక్తులు కలిసినవి మళ్లీ వేరు.

ఇంట్లో కూర్చుని ఒక చీటీ రాసుకోండి. ఈ మధ్య నచ్చిన రెండు నవలలు, ఒక్కోదాంట్లో మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది ఏమిటో ఒక్క ముక్కలో. పజిలా, ఆ డిటెక్టివ్ మనిషా, భయమా, ఊరి వాతావరణమా? దాని కింద నచ్చని నవల ఒకటి, ఎందుకు నచ్చలేదో కూడా. "సగంలోనే హంతకుడెవరో తెలిసిపోయింది" అని మీరు చెబితే లైబ్రేరియన్ మీకు ఏది ఇవ్వకూడదో వెంటనే గ్రహిస్తారు.

సభ్యత్వం

జిల్లా గ్రంథాలయ సంస్థ కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, మండలాల్లో, పట్టణాల్లో శాఖా గ్రంథాలయాలు ఉంటాయి. అక్కడే కూర్చుని చదవడానికి ఎవరైనా వెళ్లవచ్చు. ఇంటికి తెచ్చుకోవాలంటే దరఖాస్తు, చిరునామా రుజువు, కొంత డిపాజిట్ కావాలి. సభ్యత్వం వదులుకున్నప్పుడు ఆ డిపాజిట్ తిరిగి ఇస్తారు. చాలా శాఖలు ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూస్తాయి. వారపు సెలవు చాలాచోట్ల శుక్రవారం. ఆదివారం తెరిచి ఉంటుంది కాబట్టి ఉద్యోగాలు చేసేవాళ్లకు అదే అనువైన రోజు.

అలమారాల దగ్గర ఎలా వెతకాలి

డిటెక్టివ్ నవలలకు విడిగా అలమారా ఉంటుందని ఆశించకండి. చాలా శాఖల్లో నవలలన్నీ కలిపే ఉంటాయి. పెద్ద గ్రంథాలయాల్లో డ్యూయీ దశాంశ పద్ధతి, అంటే పుస్తకాలను అంకెలతో వర్గాలుగా విడదీసే పద్ధతి, పాటిస్తే పుస్తకం వెన్నుమీద అంకె ఉంటుంది. తెలుగు సాహిత్యానికి 894.827, ఇంగ్లిష్ నవలలకు 823. ఈ పద్ధతిలో అనువాదాన్ని మూల భాష అంకె కిందే చేరుస్తారు. అంటే షెర్లాక్ హోమ్స్ కథల తెలుగు అనువాదం 823 దగ్గర, బెంగాలీ నుంచి వచ్చిన వ్యోమకేశ్ బక్షి కథలు 891.44 దగ్గర ఉండవచ్చు. తెలుగు అలమారాలో లేదని వెనక్కి వచ్చేయకుండా అక్కడా ఒకసారి చూడండి. కొన్నిచోట్ల అనువాదాలన్నిటినీ కలిపి ఒక పక్కన పెడతారు, అదీ అడగండి.

కంప్యూటర్ కేటలాగ్ ఉంటే "డిటెక్టివ్" అని కొట్టి ఊరుకోవద్దు. నవల పేరులో ఆ మాట లేకపోతే ఫలితాల్లో రాకపోవచ్చు. రచయిత పేరుతో వెతకండి. ఈ రంగంలో కలం పేర్లు ఎక్కువ కాబట్టి అసలు పేరు తెలిస్తే రెండిటితోనూ వెతకండి. తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించి ఉంటే ఒక్కో ఉద్యోగి ఒక్కోలా రాసి ఉంటారు. ఇంటిపేరుతో ఒకసారి, సొంత పేరుతో ఒకసారి ప్రయత్నించండి.

ఇక పుస్తకం చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి ఉన్నాయి. ఈ పని మీద కొంచెం టైమ్ పెట్టమని గట్టిగా చెబుతాను.

మొదట చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి. చదవకుండా, పేజీ నంబర్లు మాత్రమే. పాత పాకెట్ పుస్తకాలు పలచని కాగితం మీద అచ్చయ్యాయి. చేతులు మారీ మారీ మొదట ఊడేవి మొదటి, చివరి పేజీలే. మిగతా నవలల్లో చివరి పేజీ లేకపోతే లోటు. డిటెక్టివ్ నవలలో లేకపోతే మొత్తం చదివిందంతా వృథా. మధ్యలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, ఊడిపోయి ఉంటుంది ఒక్కోసారి. బొటనవేలితో గబగబా తిప్పితే ఆ ఖాళీ తెలిసిపోతుంది.

అట్ట లోపలి పేజీని, పాత్రల పేర్లు మొదటిసారి వచ్చే పేజీలను అట్టే పరిశీలించకండి. "హంతకుడు వీడే" అని పెన్సిల్‌తో రాసిపెట్టే పాఠకులు ఉన్నారు. అలాంటి రాత కనబడితే ఆ పుస్తకాన్ని కౌంటర్ దగ్గర ఇచ్చి చెరిపేయమనండి, తర్వాతివాళ్లకు మేలు చేసినవారవుతారు.

తర్వాత వెనక అట్టకు అంటించిన తేదీ చీటీ చూడండి. పుస్తకం బయటికి వెళ్లిన ప్రతిసారీ దాని మీద ముద్ర పడుతుంది. ముద్రలు కిక్కిరిసి ఉన్నాయంటే మీ ఊరివాళ్లే ఆ నవలను మళ్లీ మళ్లీ తీసుకెళ్లారన్నమాట. ప్రకటనలకన్నా నేను ఈ చీటీనే నమ్ముతాను. ముద్రలు లేవని మాత్రం పుస్తకాన్ని తోసెయ్యకండి, అది పై అరలో ఎవరి చేతికీ అందక ఉండిపోయి ఉండవచ్చు.

బైండు చేసిన లావుపాటి సంపుటాలను కూడా తెరవండి. చిన్న నవలలు రెండు మూడు కలిపి కుట్టినప్పుడు వెన్నుమీద మొదటి దాని పేరే ఉంటుంది.

మనుషుల్ని అడగండి

మీ చీటీ లైబ్రేరియన్‌కు చూపించి, "మేడం, ఇలాంటివి ఇష్టం, ఇలాంటివి వద్దు. ఈమధ్య ఎక్కువగా బయటికి వెళ్తున్నది ఏది?" అని అడగండి. జనం లేని వేళ చూసి అడిగితే ఓపిగ్గా చెబుతారు. అప్పుడే తిరిగొచ్చి ఇంకా అలమారా ఎక్కని పుస్తకాలనూ చూడనివ్వమనండి, మంచి నవలలు చాలావరకు ఆ బల్లమీదే ఉంటాయి.

పొద్దున్నే పేపర్లు చదవడానికి వచ్చే పెద్దవాళ్లను వదిలిపెట్టకండి. కుర్రతనంలో అద్దెకు తెచ్చుకుని డిటెక్టివ్ నవలలు చదివిన తరం వాళ్లది. "బాబాయ్ గారూ, మీరు యుగంధర్ చదివారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఏ కేటలాగూ చెప్పలేని పేర్లు చెబుతారు.

మీ శాఖలో లేకపోతే

జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉందేమో కనుక్కోమనండి. హైదరాబాద్‌లో ఉంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి పుస్తకంగా రాని నవలలు కావాలంటే పాత సంచికలు దాచిన చోటికి వెళ్లాలి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం ఆ విషయంలో పేరున్న గ్రంథాలయం. ఇంకో దారి చెన్నై ఎగ్మోర్‌లోని కన్నెమరా గ్రంథాలయం. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతిని ప్రచురణకర్త అక్కడికి పంపాలి. తెలుగు డిటెక్టివ్ నవలలు చాలా మద్రాసులోనే అచ్చయ్యాయి కూడా. ఇలాంటి చోట్ల అక్కడే కూర్చుని చదవాల్సి రావచ్చు. రచయిత పేరు, నవల పేరు, తెలిస్తే అచ్చయిన సంవత్సరం రాసుకుని వెళ్లండి.

కొత్త నవల కావాలంటే సూచనల పుస్తకంలో పేరు, రచయిత, ప్రచురణకర్త వివరాలతో రాయండి. ఒక్కరు రాస్తే ఒక వినతి, నలుగురైదుగురు రాస్తే కొనేవాళ్ల కంట్లో పడుతుంది. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలప్పుడు అధికారులు శాఖలకు వస్తారు, అప్పుడు నోటితోనూ చెప్పండి.

ఫోన్‌లో, విదేశాల్లో

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. పేరును తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతకండి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. యుగంధర్ తరం నవలలు చాలావరకు ఆ గడువులోనే ఉన్నాయి. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ల జోలికి పోకుండా గ్రంథాలయం ప్రతినే చదవమంటాను.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు చాలు. లిబ్బీ యాప్‌లో ఆ కార్డు నంబరు ఇస్తే ఇంగ్లిష్ మిస్టరీలు ఈ-పుస్తకాలుగా, ఆడియోగా ఉచితంగా వస్తాయి. నచ్చినదాన్ని ఎవరో తీసుకుని ఉంటే హోల్డ్ పెట్టండి, అంటే వరుసలో మీ పేరు చేర్చుకోండి. తెలుగు పుస్తకం కావాలంటే ఇంటర్‌లైబ్రరీ లోన్ ద్వారా వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించమని అడగవచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరైతే, పుస్తకాలు కొనమని కోరే ఫారం నింపేటప్పుడు మీ వీధిలో ఉన్న మరో రెండు తెలుగు కుటుంబాల చేత కూడా నింపించండి.