కామిక్స్ గ్రేడింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ప్రెస్ చేయించాలా, వద్దా?

కిందటి పాఠంలో 0.5 నుంచి 10 దాకా ఉన్న గ్రేడు మెట్లు చూశాం. 9.4కీ 9.6కీ తేడా ఎక్కడుందో కంటితో పట్టుకోవడం కొంత అలవాటైంది కాబట్టి, పుస్తకాన్ని గ్రేడు వేసి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే సంస్థలైన సీజీసీకో సీబీసీఎస్‌కో పంపే ముందు తేల్చుకోవాల్సిన మాటకి వద్దాం.

ప్రెస్సింగ్ అంటే తేమ, వేడి, బరువు ఈ మూడింటితో కాగితాన్ని చదును చేయడం. నలిగిన చొక్కాకి నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసినట్టే. ఇస్త్రీ చిరుగుని కుట్టదు, మరకని ఉతకదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా మరకలున్న పుస్తకాన్ని ప్రెస్‌కి పంపి, అదే గ్రేడుతో తిరిగొస్తే నిట్టూర్చేవాళ్లు కోకొల్లలు.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. ప్రెస్ చేస్తే రెస్టొరేషన్ (పాడైన పుస్తకానికి మరమ్మతు) కిందకి వస్తుందా? రాదు. 2000లో మొదలైన సీజీసీ ప్రెస్సింగ్‌ని మామూలు పనిగానే చూస్తుంది, మరమ్మతు లేని పుస్తకాలకిచ్చే నీలం లేబులే ఇస్తుంది. దాని సోదర సంస్థ సీసీఎస్ చేసే పనే ఇది. రంగు పోయిన చోట రంగు అద్దినా, చిరుగు అతికించినా, అంచు కత్తిరించినా మాత్రం మరమ్మతు చేసినవాటికి వేసే ఊదా లేబుల్ పడే దారి పట్టినట్టే, ధర సగానికి సగం పడిపోవచ్చు. కాబట్టి ఇక్కడ ప్రశ్న ‘చేయవచ్చా’ అని కాదు, ‘చేస్తే ఏమైనా మిగులుతుందా’ అని.

ఎర్ర పెన్ను, పెన్సిలు

దీనికి కావలసిన సామాను తక్కువ: ఒక ఎల్‌ఈడీ టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక తెల్ల కాగితం, ఎర్ర పెన్ను, పెన్సిలు, రబ్బరు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. పెన్నూ పెన్సిలూ పుస్తకానికి బారెడు దూరంలో ఉండాలి. పుస్తకాన్ని కవర్లోంచి తీసేటప్పుడు టేపు ముక్క దానికి అంటుకోకుండా ముందే టేపు పూర్తిగా పీకేయండి. ఏళ్ల తరబడి బాగున్న పుస్తకాలు పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క క్షణంలోనే.

తెల్ల కాగితం మీద రెండు దీర్ఘచతురస్రాలు గీయండి, ముందు అట్టకొకటి, వెనక అట్టకొకటి. గదిలో దీపాలు ఆర్పండి. టార్చిని బల్లకి దాదాపు ఆనించి, వెలుతురు అట్ట మీదుగా పక్కనుంచి పాకేలా పట్టుకోండి. పైనుంచి కనిపించని నొక్కులు, వేలి ఒత్తిళ్లు, అలలు ఒక్కసారిగా నీడలై లేస్తాయి. అదే టార్చిని నాలుగు వైపుల నుంచీ తిప్పండి. ఒక వైపు నుంచి మాయమైన నొక్కు ఇంకో వైపు నుంచి పట్టుబడుతుంది.

కనిపించిన ప్రతి లోపాన్నీ భూతద్దంలో చూడండి. రంగు పొర చెక్కుచెదరకుండా కాగితం మాత్రమే వంగి ఉంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రంగు పొర విరిగి, సన్నని తెల్ల గీతలా కాగితం నార బయటికి కనిపిస్తుంటే ఎర్ర పెన్ను. చిరుగు, మరక, ఎండకి వెలిసిన రంగు, పసుపెక్కిన అంచు, తుప్పు, ఊడిపోయిన ముక్క, అచ్చు దశలోనే వంకరగా మడిచిన అట్ట, ఇవన్నీ ఎర్ర పెన్నే. వేలి ఒత్తిడి, అల, సొట్ట, వీపు (పిన్నులుండే మడత అంచు) ఒక పక్కకి దొర్లడం పెన్సిల్.

వీపు దగ్గర పడే చిన్న చిన్న అడ్డగీతల దగ్గర తొందరపడకండి. గీత పొడవు కాదు చూడాల్సింది, దాని లోపలి రంగు. చాలా గీతలు సగం సగంగా ఉంటాయి: మడత మీద ఒక మిల్లీమీటరు మేర రంగు విరిగి, మిగతా రెండు మూడు మిల్లీమీటర్లు ఒట్టి వంపు. ప్రెస్ చేస్తే వంపు పోతుంది, విరిగిన ముక్క ఉండిపోతుంది. అప్పుడు పెన్సిల్ గీత గీసి, కొనకి ఎర్ర చుక్క పెట్టండి. నల్ల అట్టల మీద ఈ తెల్ల చుక్కలు దూరం నుంచే కనిపిస్తాయి. తెల్ల అట్టల మీద అసలు రంగే లేదు కాబట్టి విరిగిందో లేదో మామూలు వెలుతురులో తెలీదు. అక్కడ పక్కవెలుతురులో మడత అంచు నూగుగా, కాస్త గరుగ్గా కనిపిస్తే నార తెగినట్టే. అది పూర్తిగా పోదు.

ఇప్పుడు అసలు పని. ముందుగా, ఉన్నది ఉన్నట్టుగా పుస్తకానికి మీరే ఒక గ్రేడు వేసి కాగితం మూల రాయండి. తరవాత రబ్బరు తీసుకుని పెన్సిల్ గుర్తులన్నీ చెరిపేయండి. మిగిలిన ఎర్ర గుర్తులతో మాత్రమే మళ్లీ గ్రేడు వేయండి. ఆ రెండో అంకె ఆ పుస్తకానికి పైకప్పు. ప్రపంచంలో ఎంత గొప్ప పనివాడు ప్రెస్ చేసినా అది దాటి పోదు. రెండంకెలూ ఒకటే అయితే పాఠం ఇక్కడితో ఆపేయొచ్చు, ప్రెస్ అక్కర్లేదు.

ఉదాహరణకి ఒక పుస్తకం కాగితం ఇలా తేలిందనుకోండి: ముందు అట్ట కింది కుడి మూల దగ్గర బొటనవేలి వంపు, వెనక అట్ట నిండా మెల్లని అల, వీపు మీద మూడు అడ్డగీతలు, వాటిలో ఒకదానికే ఎర్ర చుక్క. ఉన్నట్టుగా 9.2. చెరిపాక మిగిలింది ఒక్క చుక్క, కాబట్టి 9.6. ఇది ప్రెస్‌కి తగిన పుస్తకం. అదే పుస్తకానికి వెనక అట్ట మీద రూపాయి బిళ్లంత నీటి మరక ఉంటే? అల పోతుంది, మరక గీత పోదు. 9.2 కూడా అత్యాశే.

డబ్బు లెక్క

కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ పుస్తకానికి ఈ మధ్య అమ్ముడైన ధరలు మీరే పెట్టుకోండి, అమ్మకానికి అడుగుతున్న ధరలు కాదు.

9.4 ధర 420 డాలర్లు, 9.6 ధర 520, ప్రెస్ ఖర్చు 20. గ్రేడింగ్ ఫీజు ఎలాగూ కడతారు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపకండి. మెట్టెక్కే అవకాశం సగానికి సగం అనుకుంటే వచ్చేది 50. పనిలో పొరపాటు జరిగి మెట్టు దిగే అవకాశం నూటికి ఐదు, దిగితే 70 పోతుందనుకుంటే నష్టం మూడున్నర. 50లోంచి ఇరవై, మూడున్నర తీసేస్తే 26 చిల్లర. చేయించవచ్చు. అదే అవకాశం పదికి రెండే అయితే వచ్చేది 20, పోయేది 23న్నర. వద్దు.

9.6 నుంచి 9.8కి వెళ్లేటప్పుడు లెక్క వేరు. కొత్త పుస్తకాల్లో ఆ ఒక్క మెట్టుకే ధర రెట్టింపయ్యేవి చాలా ఉన్నాయి, అక్కడ చిన్న అవకాశం కూడా గిట్టుతుంది. కానీ ఇక్కడే ఒక బోల్తా ఉంది: 9.8లో 90 డాలర్లు, 9.6లో 45 పలికే పుస్తకానికి ప్రెస్, గ్రేడింగ్, రానూపోనూ పార్శిల్ కలిపి 60 దాటితే, అది ప్రెస్ చేయాలా అనే ప్రశ్నే కాదు. దాన్ని గ్రేడింగ్‌కే పంపకూడదు.

పాత పుస్తకాల్లో కింది మెట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. 4.0లో ఉన్న 1960ల ముఖ్యమైన సంచికకి వీపు దొర్లి, అట్ట అలలుగా ఉంటే, ప్రెస్‌తో అర పాయింటో పాయింటో పెరగడం మామూలే. ఆ ధరల్లో అర పాయింటంటే తక్కువ డబ్బు కాదు.

ఒక ముందుజాగ్రత్త: ప్రెస్‌కి డబ్బు పెట్టే ముందు పేజీలు లెక్కపెట్టి, ఎక్కడైనా కత్తిరించారేమో చూడండి. 1974 నుంచి మార్వెల్ ఉత్తరాల పేజీల్లో కత్తిరించుకునే స్టాంపులు వేసింది. ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181లో కూడా ఒకటుంది. పిల్లలెవరో అది కత్తిరించేసి ఉంటే అట్ట ఎంత చదునుగా ఉన్నా ఏం లాభం?

ప్రెస్ జోలికి పోకూడనివి

పెళుసెక్కిన కాగితం. పుస్తకం కింద పరిచిన తెల్ల కాగితం మీద గోధుమరంగు పొట్టు రాలిందంటే చాలు, మూల వంచి పరీక్షించనక్కర్లేదు. తుప్పు పట్టిన పిన్నులు కూడా అంతే. తేమ తగిలితే తుప్పు పక్కన కాగితంలోకి పాకుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఏళ్లు గడిపిన పుస్తకాలకి అన్నిటికన్నా ముందు పిన్ను చూడండి. పుస్తకాన్ని తొంభై డిగ్రీలకి మించి తెరవకుండా నడిమి పేజీ దగ్గర పిన్ను చుట్టూ కాగితం పట్టు ఉందో లేదో కూడా చూడాలి. పట్టు సడలి ఉంటే బరువు కింద నడిమి పేజీ ఊడొస్తుంది, గ్రేడు ఢమాల్.

బూజు వాసన వేసేవాటిని వద్దనే చెప్తాం, తేమా వేడీ బూజుకి విందుభోజనం. టేపు అంటించినవీ, రంగు అద్దినవీ అంతే: వేడికి జిగురు కరిగి పాకుతుంది, రంగు పక్క పేజీకి అంటుతుంది. జిగురుతో అతికించిన చదరపు వీపు పుస్తకాలు, అంటే 1975 నాటి జెయింట్ సైజ్ ఎక్స్-మెన్ 1 లాంటివి, అనుభవం ఉన్న చేతికే ఇవ్వాలి. జిగురు మెత్తబడి వీపు చీలే ప్రమాదం ఉంది. 1990లలో వచ్చిన రేకు అట్టలు, ఉబ్బెత్తు బొమ్మల అట్టలు ప్రెస్ కింద పెడితే ఉబ్బెత్తే పోతుంది. 1983 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 238లో అంటించుకునే పచ్చబొట్ల కాగితం ఉంటుంది, అది లోపల ఉండగా వేడి తగలనివ్వకండి. పసుపు లేబుల్‌తో (సంతకం సీజీసీ ఎదుటే పెట్టారని చెప్పేది) సంతకమున్న పుస్తకాన్ని మీరే దాని ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి తీస్తే ఆ పసుపు లేబుల్ పోయినట్టే. దాన్ని సీసీఎస్ ద్వారానే నడపాలి.

పని ఎక్కడ చెడుతుంది

ప్రెస్ యంత్రాల్లో వేడి సాధారణంగా 65–80 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఇంటి ఇస్త్రీ పెట్టె కాటన్ మీద పెడితే 200 దాకా పోతుంది, అదీ ఒక్కో చోట ఒక్కోలా. అందుకే ఇస్త్రీ పెట్టెతో ప్రయోగాలు వద్దు.

తేమ ఎక్కువై, చప్పున ఆరితే అట్ట కుంచించుకుపోతుంది. లోపలి కాగితం అంత కుంచించుకోదు. అప్పుడు కుడి అంచున లోపలి పేజీలు అట్ట దాటి మెట్లు మెట్లుగా బయటికి వస్తాయి. బరువు ఎక్కువైతే వీపు గుండ్రదనం పోయి రేకులా అణిగిపోతుంది, పిన్ను ఆకారం అట్ట మీద తేలుతుంది. పూర్తిగా చల్లారకముందే బయటికి తీస్తే కొన్ని రోజుల్లో వంపు తిరిగొస్తుంది. మీరు ఎవరికైనా పని అప్పగిస్తుంటే అడగాల్సిన మాట కూడా ఇదే: ‘బరువు కింద ఎంతసేపు చల్లారనిస్తారు?’ తడుముకుంటే పుస్తకం వెనక్కి తెచ్చుకోండి.

ఇంటిపని

డాలరు డబ్బాలోంచి (దుకాణాల్లో ఒక్కోటి డాలరుకి అమ్మే పాత పుస్తకాల పెట్టె) మూడు పుస్తకాలు తీసుకోండి: ఒకటి ముదురు రంగు అట్ట, ఒకటి తెల్ల అట్ట, ఒకటి వీపు దొర్లినది. మూడింటికీ ఎర్ర గుర్తులు, పెన్సిల్ గుర్తులు వేసి, ముందు గ్రేడు, పైకప్పు గ్రేడు రాసి పెట్టండి. పెన్సిల్ చెరిపే ముందు కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి. 5వ పాఠంలో అట్ట మీది మట్టిని పొడిగా శుభ్రం చేసేటప్పుడు ఆ ఫొటోలు కావాలి. మట్టి అనుకుని వదిలేసిన కొన్ని గుర్తులు అక్కడ ఎర్ర పెన్నుకి మారతాయి.