కన్‌స్ట్రక్షన్ సైట్‌లో డ్రోన్: ఏ కాగితాలుండాలి, ఎక్కడ చిక్కొస్తుంది

డ్రోన్ కొనకముందే, ఆపరేటర్‌తో రేటు మాట్లాడకముందే కేంద్ర ప్రభుత్వపు డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలో మ్యాప్ తెరిచి మీ సైట్ ఏ రంగులో (గ్రీన్, ఎల్లో, రెడ్) ఉందో చూడండి. పైసా ఖర్చు లేని పని. కానీ చాలామంది దీన్ని చివర్లో చూసుకుని తల పట్టుకుంటారు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల (120 మీటర్ల) వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య సైట్ ఉంటే ఈ పరిమితి 200 అడుగులకు (60 మీటర్లకు) తగ్గుతుంది. ఈ ఎత్తులు దాటితే ఎల్లో జోన్ కిందికి వస్తుంది, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి తీసుకోవాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

ఎత్తైన భవనాల దగ్గర లెక్క తప్పేది ఇక్కడే. అంతస్తుకు 3 మీటర్లు వేసుకుంటే 20 అంతస్తులకే 60 మీటర్లు. అంటే ఆ 8–12 కిలోమీటర్ల పట్టీలో టెర్రస్ స్లాబ్ ఫొటో తీయాలన్నా అనుమతి కావాల్సిందే. మామూలు గ్రీన్ జోన్‌లోనూ 35 అంతస్తులంటే 105 మీటర్లు. దాని మీద టవర్ క్రేన్ ఉంటే, క్రేన్ పైనుంచి వెళ్లేసరికి 120 దాటిపోతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, చాలా డ్రోన్లు స్క్రీన్ మీద టేకాఫ్ అయిన చోటి నుంచి ఎత్తు చూపిస్తాయి. 30వ అంతస్తు స్లాబ్ మీంచి 40 మీటర్లు పైకి ఎగరేస్తే స్క్రీన్ మీద 40 మీటర్లే కనిపిస్తుంది, నిజానికి అది నేల నుంచి 130 మీటర్ల ఎత్తు. కాబట్టి టేకాఫ్ నేల మీంచే పెట్టుకోండి.

ఎగరేసే రోజు పొద్దున మ్యాప్ మళ్లీ చూడండి. వీఐపీ పర్యటనల్లాంటి సందర్భాల్లో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒక్కోసారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. నిన్నటి గ్రీన్ ఇవాళ పనికిరాదు.

ఇక డ్రోన్ సంగతి. బ్యాటరీ, కెమెరా, తగిలించినవన్నీ కలిపిన బరువును బట్టి తరగతి: 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. నానో తరగతికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఇచ్చే ఆమోదం), పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మినహాయింపులు ఉన్నాయి. అయితే 249 గ్రాముల డ్రోన్‌కు ప్రొపెల్లర్ గార్డులు బిగించారంటే అది మైక్రో అయిపోతుంది, వ్యాపార పనికి ఆ మూడు మినహాయింపులూ పోతాయి.

నానోతో సహా ప్రతి డ్రోన్‌కూ యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దరఖాస్తు ఫారం డీ-2, ఫీజు 100 రూపాయలు. నానో కానివైతే టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడల్ అయి ఉండాలి. విదేశాల నుంచి పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు. తెలిసినవాళ్లు తెచ్చిన డ్రోన్ చవగ్గా వస్తోందని కొంటే రిజిస్ట్రేషన్ దగ్గరే పని ఆగిపోతుంది.

యూఐఎన్ డ్రోన్ సీరియల్ నంబరుతో పాటు లోపలి ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు), చేతిలోని రిమోట్ సీరియల్ నంబర్లకూ ముడిపడి ఉంటుంది. సైట్‌లో రిమోట్ కిందపడి పగిలిందని మరో డ్రోన్ రిమోట్ జతచేసి కానిచ్చేయడం మామూలే. కొత్త నంబరు రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో ఎక్కించేదాకా దాన్ని ఎగరేయొద్దు.

మైక్రో డ్రోన్‌ను వ్యాపార పనికి వాడితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. స్మాల్, ఆపై తరగతులకు ఏ పనికైనా కావాల్సిందే. 18–65 ఏళ్ల వయసు, పదో తరగతి పాస్, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపున్న శిక్షణ సంస్థలో కోర్సు, పరీక్ష. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. 2023 సవరణ తర్వాత పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలు. సర్టిఫికెట్ మీద రాసిన తరగతిని చూసుకోండి. మన సైట్ ఇంజనీరే ఎగరేస్తున్నాడు, ఎవరికీ డబ్బులివ్వడం లేదు కాబట్టి వ్యాపారం కాదన్న వాదనను నమ్ముకోకండి. బిల్లింగ్ కోసం మట్టి పరిమాణం కొలుస్తున్నప్పుడు ఆ మాట నిలబడటం కష్టం.

సర్వే పనికైతే మరో నిబంధన ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. 2021 జియోస్పేషియల్ (మ్యాప్, సర్వే డేటా) మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే మెరుగైన కచ్చితత్వం ఉన్న డేటాను భారతీయ సంస్థలే తయారుచేయాలి. దాన్ని దేశంలోనే భద్రపరచి ప్రాసెస్ చేయాలి. ఆర్‌టీకే (జీపీఎస్ తేడాను అప్పటికప్పుడే సరిచేసే పద్ధతి) ఉన్న డ్రోన్ ఇచ్చేది సెంటీమీటర్ల కచ్చితత్వం. ఆ ఫొటోలను విదేశీ సర్వర్ల మీద నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే నిబంధన ఉల్లంఘించినట్టే. ఆఫీసు కంప్యూటర్‌లోనే ప్రాసెస్ చేసుకోండి, లేదా సర్వర్ దేశంలోనే ఉందని రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రమాదం జరిగితే పైలట్ ఆ విషయాన్ని 48 గంటల్లోగా పోర్టల్‌లో తెలియజేయాలి. 2021 నిబంధనల ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

బయటి ఆపరేటర్‌ను పిలిస్తే గేటు దగ్గరే యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పాలసీ చూడండి. ఫోన్‌లోని ఫొటోలతో సరిపెట్టుకోకుండా డ్రోన్ తిప్పించి స్టిక్కర్ మీది సీరియల్ నంబరును కాగితాలతో పోల్చండి. పాలసీలో అదే యూఐఎన్ ఉందో లేదో, గడువు తేదీ ఎప్పుడో చూడండి. వచ్చిన మనిషీ సర్టిఫికెట్ మీది మనిషీ ఒకరే కావాలి. కాగితాలు ఓనర్‌వి, ఎగరేసేది అసిస్టెంట్ అయితే ఆ రోజు పని ఆపించి పంపేయండి.