బ్యాంక్ ఆఫ్ ఇటలీ నోటు కొనేముందు ఏం చూడాలి

మా నాన్న తెనాలిలో బ్యాంకు క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇక్కడ శాన్ హోసేలో పాత నోట్లు సేకరిస్తున్నానని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏమ్మా, వాటి మీద క్యాషియర్ సంతకం ఉంటుందా?" అని. ఉంటుంది. అమెరికా నేషనల్ బ్యాంకు నోటు మీద కింద ఎడమవైపు ఆ బ్యాంకు క్యాషియర్ సంతకం, కుడివైపు ప్రెసిడెంట్ సంతకం ఉంటాయి. 1863లో వచ్చిన పద్ధతి ఇది. బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో హామీగా పెడితే, ఆ బ్యాంకు పేరుతో వాషింగ్టన్‌లో నోట్లు అచ్చువేసి పంపేవారు. 1935తో అది ఆగిపోయింది.

నేను వెతికేది ఒక్క బ్యాంకు నోట్లనే. దాన్ని పెట్టిన అమడియో జియనీని 1870లో ఈ శాన్ హోసేలోనే పుట్టాడు. అమ్మానాన్నలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. 1904 అక్టోబరు 17న శాన్ ఫ్రాన్సిస్కోలో ఇటాలియన్లు ఉండే నార్త్ బీచ్‌లో, అంతకుముందు బారు నడిచిన గదిలో బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరిచాడు. పెద్ద బ్యాంకులు పట్టించుకోని చిన్న చిన్న వ్యాపారులు, కూలీలు దాని ఖాతాదారులు. మొదటిరోజు డిపాజిట్లు 8,780 డాలర్లు. 1906 భూకంపం తర్వాత ఊరు తగలబడుతుంటే బ్యాంకు సొమ్మును కూరగాయల బండిలో నారింజ పెట్టెల కింద దాచి శాన్ మాటియోలో ఉన్న ఇంటికి చేర్చాడు. ఆ వెంటనే రేవులో రెండు పీపాల మీద చెక్క పలక వేసుకుని అప్పులివ్వడం మొదలుపెట్టాడు. ఆ పేరున్న నోటు చేతిలో పట్టుకోవాలని నాకు అంత కోరిక అందుకే.

ఇక నోటు దగ్గరికి వద్దాం. బ్యాంకుకు 1927లో నేషనల్ చార్టర్, అంటే నేషనల్ బ్యాంకుగా నడవడానికి ప్రభుత్వ అనుమతి, వచ్చింది, నంబరు 13044. 1930 నవంబరులో పేరు బ్యాంక్ ఆఫ్ అమెరికాగా మారింది, నంబరు మాత్రం మారలేదు. కాబట్టి నంబరు చూసి డబ్బు కట్టకండి, పేరు చదవండి. అమెరికా పేరున్నవి తేలిగ్గానే దొరుకుతాయి. ఇటలీ పేరున్నవే తక్కువ.

1929 సిరీస్ చిన్న సైజు నోటు మీద గోధుమరంగు ముద్ర, రెండు పక్కలా నల్ల రంగులో చార్టర్ నంబరు ఉంటాయి. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో పేరుతో అదే సిరీస్‌లో వచ్చిన నోట్లు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ వాటి మీద చార్టర్ నంబరు ఉండాల్సిన చోట ఎల్ అనే పెద్ద అక్షరం ఉంటుంది. ఇంకో గుర్తు నాకు చాలా ఉపయోగపడింది. 1933 నుంచి చార్టర్ నంబరును సీరియల్ నంబరు పక్కన గోధుమరంగులో కూడా వేశారు. అప్పటికి ఇటలీ పేరు పోయి రెండేళ్లు దాటింది. అందుకని ఇటలీ పేరున్న నోటు మీద గోధుమరంగు 13044 కనిపిస్తే అది దొంగ నోటే.

ఆ తర్వాత కాగితం చూడండి. ఒక ప్రదర్శనలో నేను కొన్న ఇరవై డాలర్ల నోటు తెల్లగా మెరిసిపోతుంటే కొత్తదనుకున్నాను. ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద ఏటవాలుగా పెట్టి, పదింతల భూతద్దంతో చూస్తే నోటు మీది ప్రెసిడెంట్ జాక్సన్ బొమ్మలో జుట్టు గీతలు కాగితంలో అణిగిపోయి ఉన్నాయి. కడిగి, ఇస్త్రీ చేసిన నోటు అది. అమ్మినాయన ఆ ముక్క చెప్పలేదు. మంచి నోటులో ఆ గీతలు కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, కాగితంలో ఎర్ర, నీలం పోగులు అక్కడక్కడా ఉంటాయి. మడత ఉన్నా ఫరవాలేదు, కడిగింది మాత్రం వద్దు.

ధర ఎంత చెప్పినా టెన్షన్ పడకండి. హెరిటేజ్ ఆక్షన్స్ అనే వేలం సంస్థ పాత వేలాల రికార్డులో అదే పేరు, అదే విలువ, దాదాపు అదే గ్రేడు (నోటు ఎంత బాగుందో చెప్పే స్థాయి) ఉన్న నోటు ఎంతకు పోయిందో చూసి అప్పుడు బేరమాడండి. ఖరీదైనదైతే పీఎంజీ లాంటి సంస్థ గ్రేడు చేసి సీలు వేసినదే తీసుకోండి. విడి నోటైతే పీవీసీ లేని మైలార్ (పారదర్శకమైన పాలిస్టర్) కవర్లో పెట్టండి. లామినేషన్ వద్దు, చిరుగుకు టేపు అసలే వద్దు. కొన్న తేదీ, ధర విడి చీటీ మీద రాసి పెట్టుకోండి. కవరు మీద పెన్ను పెడితే ఆ ఒత్తిడి నోటు మీద గీతలా పడిపోతుంది.